గీజరు ఎంత తింటోంది? మీటరు దగ్గరే తేల్చుకోండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గీజరు బిల్లు గురించే. అన్నిటికీ కలిపి ఒక మాట ముందే చెప్పాలి. గీజరు ఖర్చులో రెండు పద్దులుంటాయి. మనం తోడుకున్న వేడి నీళ్లది ఒకటి, తోడకుండా ట్యాంకులోనే చల్లారిపోయిన వేడిది రెండోది. ఈ రెండూ విడివిడిగా కొలవకుండా కొత్త గీజరు కొన్నా, మెకానిక్కును పిలిచినా గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

రాజాం నుంచి ఒక పాఠకురాలు: నమస్కారం అండి. అక్టోబరు దాకా మాకు నెలకు 140 యూనిట్లు దాటేది కాదు. డిసెంబరులో 225 వచ్చింది. కొత్తగా వాడుతున్నది గీజరొక్కటే. 15 లీటర్లది, 2000 వాట్లు. పొద్దున్న స్విచ్చు వేస్తే రాత్రి పడుకునేముందు తీస్తాం. మీటరే తప్పు తిరుగుతోందని మా ఆయన అంటారు. ఏ పరికరమూ కొనకుండా తేల్చుకోవచ్చా?

జవాబు: తేల్చుకోవచ్చు అమ్మా. మీ ఇంటి ఎలక్ట్రానిక్ మీటరు మీద మిణుకుమిణుకుమనే ఎర్ర లైటు ఉంటుంది. దాని పక్కనో, పేరు పలక మీదో 3200 ఇంప్ అనో, 1600 ఇంప్ అనో అంకె ఉంటుంది. ఒక యూనిట్ కాలితే ఆ లైటు అన్నిసార్లు మిణుకుతుందని అర్థం. 3200 అని ఉంటే 32 మిణుకులకు 0.01 యూనిట్ ఖర్చయినట్టు. 1600 అయితే 16 మిణుకులు, 6400 అయితే 64.

ఇంట్లో అన్నీ ఆపండి. ఫ్రిజ్ ప్లగ్గు తీయండి. ఇన్వర్టరును మరిచిపోవద్దు, చాలామంది లెక్క తప్పేది అక్కడే. అది బ్యాటరీని చార్జి చేస్తూ 200 నుంచి 400 వాట్లు గుంజుతూనే ఉంటుంది. అన్నీ ఆగాక లైటు మిణకడం ఆగిపోవాలి. ఆగకపోతే ఇంకేదో నడుస్తోందన్నమాట, ముందు దాన్ని పట్టుకోండి. ఆ తర్వాత గీజరొక్కటే వేసి, గీజరు మీద లైటు వెలిగిందో లేదో చూడండి. నీళ్లు అప్పటికే వేడిగా ఉంటే థర్మోస్టాటు కరెంటు కట్ చేసి ఉంటుంది. అప్పుడు ఒక బకెట్టు వేడి నీళ్లు తోడితే మళ్లీ అందుకుంటుంది.

ఇక ఫోనులో మీటరు లైటును వీడియో తీయండి. కంటితో లెక్కపెడితే తప్పు పోతుంది. మొదటి మిణుకును సున్నాగా పెట్టుకుని 32 మిణుకులకు ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 36ను ఆ సెకన్లతో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 18 సెకన్లు పడితే సరిగ్గా 2 కిలోవాట్లు. 20 నుంచి 24 సెకన్ల మధ్య వచ్చినా కంగారుపడొద్దు, వోల్టేజి తక్కువుంటే అలాగే వస్తుంది. దాని సంగతి కింద టెక్కలి ఉత్తరంలో ఉంది. వోల్టేజి బాగానే ఉండి 14 సెకన్లలోనే 32 మిణుకులూ అయిపోతే మాత్రం ఇంకేదో సామాను నడుస్తూ ఉండాలి, లేదా మీటరును పరీక్షించమని విద్యుత్ సంస్థకు దరఖాస్తు పెట్టుకోవాలి.

మీటరు సరిగ్గానే ఉందని తేలిందనుకుందాం. మరి 85 యూనిట్లు ఎలా పెరిగాయి? ఒక యూనిట్ కరెంటుతో 860 లీటర్ల నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కుతాయి. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు. ట్యాంకు నీళ్లు 22 డిగ్రీలనుకుందాం, స్నానానికి 40 చాలు. మనిషికి 20 లీటర్ల బకెట్టు చొప్పున 20ని 18తో గుణిస్తే 360. ఇంట్లో నలుగురుంటే 1440. దాన్ని 860తో భాగిస్తే రోజుకు 1.67 యూనిట్లు, నెలకు 50. ఇది తోడుకున్న నీళ్ల పద్దు.

రెండో పద్దు ట్యాంకు చల్లారడం. మామూలు 15 లీటర్ల గీజరును పొద్దస్తమానం వేడిగా ఉంచితే రోజుకు ముప్పావు యూనిట్ అటూ ఇటుగా పోతుంది, అంటే నెలకు ఇంకో 20 పైచిలుకు. మిగిలిన పదీ పన్నెండూ ఎక్కువగా వంటింటి కుళాయివై ఉంటాయి. అర అంగుళం పైపు 10 మీటర్లుంటే అందులో దాదాపు 1.2 లీటర్ల నీళ్లు పడతాయి. గిన్నె కడగడానికి వేడి కుళాయి తిప్పిన ప్రతిసారీ అంత వేడి నీరు పైపులో మిగిలిపోయి చల్లారుతుంది. ఒక్కోసారికి 0.05 యూనిట్. రోజుకు ఆరుసార్లు తిప్పితే నెలకు 9 యూనిట్లు గిన్నెల దాకా చేరకుండానే పైపులో పోయినట్టు.

శ్లాబు సంగతి కూడా చూసుకోండి. ఆంధ్రప్రదేశ్ 2022-23 టారిఫ్‌లో 126 నుంచి 225 దాకా యూనిట్ 6 రూపాయలు, 226వ యూనిట్ నుంచి 8.75. మీకు పెరిగిన 85 యూనిట్లూ 6 రూపాయల శ్లాబులోనే పడ్డాయి కాబట్టి 510 రూపాయలు, ఆపైన సర్దుబాటు చార్జీలు. మీ తాజా బిల్లు మీద ఉన్న రేట్లు పెట్టుకుని లెక్క సరిచూసుకోండి. వచ్చే నెల 225 దాటితే మాత్రం పైన పడే ప్రతి యూనిట్‌కూ దెబ్బ ఎక్కువ.

బొబ్బిలి నుంచి ఒక పాఠకుడు: గీజరు ఆపి ఆపి వేస్తే ఎక్కువ కరెంటు కాలుతుందని, వేసి ఉంచడమే మేలని మా మామయ్యగారు గట్టిగా చెబుతారు. నిజమేనా?

జవాబు: కాదండి. చల్లారిన ట్యాంకు పోగొట్టుకునే వేడి కన్నా వేడిగా ఉన్న ట్యాంకు పోగొట్టుకునేదే ఎప్పుడూ ఎక్కువ. చల్లారేకొద్దీ నష్టం తగ్గిపోతుంది. ఎప్పుడూ వేడిగా ఉంచితే నష్టం తగ్గే వీలే ఉండదు.

మామయ్యగారి ఎదుటే చేసి చూపించండి. గీజరు లైటు ఆరిపోయేదాకా కాగనిచ్చి స్విచ్చు తీసేయండి. 6 గంటలు ఎవరూ వేడి కుళాయి తిప్పకూడదు. తర్వాత స్విచ్చు వేసి లైటు మళ్లీ ఆరడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడండి. 2 కిలోవాట్ల గీజరుకు 5 నిమిషాలు పడితే 0.17 యూనిట్. నాలుగుతో గుణిస్తే రోజు నష్టం 0.67. అసలు నష్టం దీనికన్నా కాస్త ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే ఆ 6 గంటల్లోనూ ట్యాంకు చల్లారుతూ వచ్చింది. స్టార్ లేబుల్ మీద స్టాండింగ్ లాస్ అని ఒక అంకె ఉంటుంది. అది బయటి వేడికీ నీళ్ల వేడికీ 45 డిగ్రీల తేడా ఉన్నప్పుడు 24 గంటల్లో పోయే యూనిట్లు. మన దగ్గర తేడా 30, 35 డిగ్రీలే కాబట్టి మీకు వచ్చే అంకె లేబుల్ కన్నా తక్కువ ఉండాలి. ఎక్కువ వస్తే వేడి బయటికి పోకుండా ట్యాంకు చుట్టూ ఉండే పఫ్ అనే నురుగు పొర తడిసిందో, ఎక్కడో కారుతోందో చూడాలి.

చివరి మనిషి స్నానానికి వెళ్లేముందే స్విచ్చు తీసేయండి. ఆఖరి స్నానంలో ట్యాంకులోకి వచ్చే చన్నీళ్లు చన్నీళ్లుగానే ఉండిపోతాయి, చల్లారడానికి అక్కడ వేడే ఉండదు. పొద్దున పూట మాత్రమే వాడే ఇంట్లో ఈ ఒక్క అలవాటుతో నెలకు ఇరవై యూనిట్ల దాకా మిగులుతాయి.

ఆమదాలవలస నుంచి ఒక పాఠకుడు: ఫోనులో యూనిట్లు చూపించే స్మార్ట్ ప్లగ్గు కొని గీజరుకు పెట్టాను. రెండు వారాల్లో దాని పిన్నుల దగ్గర ప్లాస్టిక్ కరిగి నల్లబడింది. గీజరు 3000 వాట్ల ఇన్‌స్టంట్ రకం. ఏది కొనాలి? కొన్నాక ఆ గ్రాఫులో ఏం చూడాలి?

జవాబు: మీరు కొన్నది బహుశా 10 ఆంపియర్ల ప్లగ్గు. 3000 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే 13 ఆంపియర్లు. 10 ఆంపియర్ల ప్లగ్గు దాన్ని మోయలేదు. 16 ఆంపియర్లని స్పష్టంగా రాసి ఉన్నదే కావాలి, లావు పిన్నులుండే పవర్ ప్లగ్గు సాకెట్లోనే అది పడుతుంది. 16 ఆంపియర్లది పెట్టినా సాకెట్టు వదులుగా ఉంటే కరిగిపోవడం ఆగదు. పిన్ను సరిగ్గా బిగిసి పట్టని చోటే వేడి పుడుతుంది. నల్లబడ్డ సాకెట్టులో కొత్త ప్లగ్గు పెట్టకండి, సాకెట్టూ మార్చాల్సిందే. మొదటి రోజు 20 నిమిషాలు నడిపి, స్విచ్చు తీసి, ప్లగ్గు పిన్నులను చేతి వెనకవైపుతో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడైతే ఆపేయండి. ప్లగ్గు స్నానాల గదిలో వద్దు, ఆవిరికి లోపలి కాంటాక్టులు పాడవుతాయి.

మీలా 3 కిలోవాట్లు వాడేవారికి మేలైన దారి స్మార్ట్ ప్లగ్గు కాదు. డిస్ట్రిబ్యూషన్ బోర్డులో ఎంసీబీల (లోడు మించితే కరెంటు తెంచే స్విచ్చుల) వరసలోనే కూర్చునే చిన్న సబ్‌మీటరు. 32 ఆంపియర్ల సింగిల్ ఫేజ్ రకం చాలు. మెయిన్ ఆపించి, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో పెట్టించండి. గీజరు ఎంసీబీ నుంచి వచ్చే ఫేజు వైరు సబ్‌మీటరు లోపలికి వెళ్లి, అవతలి వైపు నుంచి గీజరుకు పోతుంది. న్యూట్రలూ దాని ద్వారానే పోవాలి. ఎర్తు వైరును మీటరులోకి తీసుకెళ్లరు, అది నేరుగా గీజరుకే. 2 కిలోవాట్లకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 3 కిలోవాట్లకు 4 వేయించుకోండి. కరెంటు లీకైతే వెంటనే సరఫరా తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేని ఇంట్లో మీటరు కన్నా ముందు అది పెట్టించాలి. ప్రాణం విషయంలో వాయిదా వద్దు.

గ్రాఫు విషయానికొస్తే, ఇన్‌స్టంట్ గీజరులో చూడడానికి పెద్దగా ఏముండదు. కుళాయి తిప్పినంతసేపే గీత పైకి లేస్తుంది, నిల్వ నష్టం దాదాపు లేదు. ట్యాంకు గీజరున్న వారికే గ్రాఫు విలువ తెలుస్తుంది. 15 లీటర్లు, 2 కిలోవాట్లు అయితే చన్నీళ్లు కాగడానికి 18 నుంచి 20 నిమిషాల పాటు గీత బల్లపరుపుగా ఉంటుంది. తర్వాత ఎవరూ తోడకపోయినా మధ్యమధ్య మూడు నాలుగు నిమిషాల చిన్న దిమ్మెలు కనిపిస్తాయి. నీళ్లు ఏడెనిమిది డిగ్రీలు చల్లారగానే థర్మోస్టాటు మళ్లీ అందుకుంటుంది, అదే ఆ దిమ్మె. ఒక్కోటి సుమారు 0.12 యూనిట్.

ఆ దిమ్మెల మధ్య ఎడమే మీకు కావలసిన సమాచారం. నాలుగు గంటలకొకటి వస్తే రోజుకు ఆరు, అంటే 0.72 యూనిట్లు. గీజరు ఆరోగ్యంగా ఉన్నట్టే. గంటకొకటి వస్తుంటే వేడి నీళ్లు ఎక్కడో పోతున్నాయి. వేడి కుళాయి కింద గ్లాసు పెట్టండి. గంటకు లీటరు కారితే రోజుకు 24 లీటర్లు, 35 డిగ్రీల లెక్కన దాదాపు ఒక యూనిట్. నెలకు 30. పది, ఇరవై రూపాయల వాషరు వేస్తే పోయేదానికి నెలకు 180 రూపాయలు కడుతున్నట్టు. కాగేటప్పుడు సేఫ్టీ వాల్వు నుంచి నాలుగు చుక్కలు కారడం మాత్రం లోపం కాదు. నీళ్లు వేడెక్కితే ఉబ్బుతాయి, 15 లీటర్లకు 25 నుంచి 60 డిగ్రీల మధ్య 200 మిల్లీలీటర్ల దాకా పెరుగుతాయి. ఆ వాల్వును ఎప్పుడూ మూసేయకండి.

గీత అసలు కిందికి దిగకుండా గంటల తరబడి అలాగే ఉంటే థర్మోస్టాటు అతుక్కుపోయిందని అర్థం. వెంటనే ఆపేయండి. వేడి హద్దు మీరితే కరెంటు తెంచే థర్మల్ కట్‌ఔట్ ఒక్కటే మిమ్మల్ని కాపాడుతోంది.

టెక్కలి దగ్గరి గ్రామం నుంచి ఒక పాఠకురాలు: సాయంత్రాలు మాకు 190 వోల్టులే వస్తుంది. గీజరు ఎంతకీ కాగదు. తక్కువ వోల్టేజికి కరెంటు ఎక్కువ లాగుతుందంటారు, స్టెబిలైజరు పెట్టించమంటారా?

జవాబు: వద్దమ్మా. మోటారుకు ఆ మాట వర్తిస్తుంది, గీజరులో నీళ్లు కాచే ఎలిమెంటుకు కాదు. వోల్టేజి తగ్గితే ఎలిమెంటు శక్తి దాని వర్గంతో పాటు పడిపోతుంది. 230 దగ్గర 2000 వాట్లు ఇచ్చేది 200 దగ్గర 1500, 180 దగ్గర 1225 మాత్రమే. 18 నిమిషాల్లో కాగాల్సిన నీళ్లు 200 దగ్గర 24 నిమిషాలు, 180 దగ్గర 30 నిమిషాలు తీసుకుంటాయి. యూనిట్లు మాత్రం దాదాపు అవే. కాబట్టి పది నిమిషాలు ముందు వేయండి, అంతే.

అయితే ఒక్కటి పరీక్షించండి. గీజరు ఆపి ఉన్నప్పుడూ, వేసినప్పుడూ మెయిన్ దగ్గరా సాకెట్టు దగ్గరా మల్టీమీటరుతో వోల్టేజి చూపించుకోండి. వీధి వోల్టేజి తగ్గితే రెండు చోట్లా ఒకేలా తగ్గుతుంది. మెయిన్ దగ్గర నిలకడగా ఉండి సాకెట్టు దగ్గర 10 వోల్టులు పడిపోతే ఆ లోపం మీ ఇంటి వైరింగుదే. 8 ఆంపియర్ల దగ్గర 10 వోల్టులంటే 80 వాట్లు గోడలోని వైరును, వదులైన జాయింటును కాగబెడుతున్నాయన్నమాట. అది బిల్లు కన్నా పెద్ద ప్రమాదం.

నెల్లిమర్ల నుంచి ఒక పాఠకుడు: మాది బోరు నీరు. ఎలిమెంటుకు తెల్లటి గార దట్టంగా పట్టింది. గార వల్ల బిల్లు రెట్టింపవుతుందని మెకానిక్కు చెప్పాడు.

జవాబు: రెట్టింపు కాదు. గార పట్టినా ఎలిమెంటు నీళ్లలోనే మునిగి ఉంది, దాని వేడి చివరికి నీళ్లలోకే పోతుంది. మిణుకులు లెక్కపెట్టి చూస్తే గార తీయకముందూ తీశాకా వాట్లు దాదాపు ఒకటే వస్తాయి. నష్టం వేరే చోట ఉంది. గార లోపల వేడి చిక్కుకుపోయి ఎలిమెంటు తొడుగు చిట్లుతుంది. రాలిన గార ట్యాంకు అడుగున చేరి నీళ్లు పట్టే చోటు తగ్గుతుంది. థర్మోస్టాటు గొట్టం మీద పేరుకుంటే అది నీళ్ల వేడిని సరిగ్గా పసిగట్టలేదు.

బోరు నీళ్ల ఇళ్లలో ఏడాదికోసారి విప్పించండి. ఎంసీబీ ఆపి, నీళ్లు ఖాళీ చేశాకే. ఎలిమెంటును 2 లీటర్ల గోరువెచ్చని నీళ్లలో 100 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి గంటసేపు నానబెడితే గార మెత్తబడుతుంది. టెర్మినళ్లు తడవకూడదు. చాకుతో గీకకండి. బాత్‌రూము కడిగే యాసిడ్ అసలే వద్దు, తొడుగును తినేస్తుంది. విప్పినప్పుడే మెగ్నీషియం కడ్డీని చూడండి. సగానికన్నా సన్నబడితే మార్చేయాలి, తుప్పు ముందు దాన్ని తినడం వల్లే ట్యాంకు మిగులుతోంది. గ్యాస్కెట్టు కొత్తది వేయించండి. తిరిగి బిగించాక వేడి కుళాయిలో నీళ్లు ధారగా వచ్చేదాకా స్విచ్చు వేయకూడదు.

ఇదే జాగ్రత్త తుపాను రోజుల్లోనూ. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానం వైపు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. కరెంటు లేక మోటారు తిరగకపోతే పై ట్యాంకు ఎండిపోతుంది. చన్నీళ్ల పైపులో వెనక్కి పోకుండా ఆపే వాల్వు లేకపోతే గీజరులోని నీళ్లూ కిందికి జారిపోతాయి. స్విచ్చు వేసే ఉందనుకోండి, కరెంటు రాగానే ఖాళీ ట్యాంకులో ఎలిమెంటు కాలిపోతుంది. స్మార్ట్ ప్లగ్గు వాడేవారు దాని సెట్టింగుల్లో, కరెంటు తిరిగి వచ్చాక ఆఫ్‌లోనే ఉండేలా పెట్టుకోండి.

చీపురుపల్లి నుంచి ఒక పాఠకుడు: కింద మేము, పైన అద్దెకున్నవారు. మీటర్లు వేరు. మేం గీజరు వేయగానే మా మీటరు మీద ఈఎల్ అని రాసి ఉన్న చిన్న లైటు వెలుగుతుంది. పైవారు తమ బిల్లు కూడా పెరిగిందంటున్నారు.

జవాబు: ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రలులో తిరిగి రావడం లేదని ఆ లైటు చెబుతోంది. కారణం రెండింట్లో ఒకటి. ఎలిమెంటు లీకై కరెంటు ఎర్తులోకి పోతూ ఉండాలి, లేదా గీజరు న్యూట్రలు వైరును ఎవరో పై వాటా న్యూట్రలుతో కలిపి ఉండాలి. పైవారి బిల్లూ పెరిగిందన్నారు కాబట్టి నా అనుమానం రెండోదాని మీదే. ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటర్లు చాలావరకు ఫేజు, న్యూట్రలుల్లో ఏది ఎక్కువైతే దాన్నే లెక్కిస్తాయి. మీ గీజరు కరెంటు మీ మీటరు ఫేజులో వెళ్లి వారి మీటరు న్యూట్రలులో తిరిగొస్తే, ఒకే వేడి నీళ్లకు రెండిళ్లవారూ డబ్బు కడుతున్నారన్నమాట.

ఇద్దరూ కలిసే పరీక్షించండి. పై వాటాలో అన్నీ ఆపి, మీ గీజరొక్కటే వేసి, పైవారి మీటరు చూడండి. దాని లైటు గబగబా మిణుకుతుంటే న్యూట్రలు కలిసిందన్న మాట ఖాయం. మిణకకపోతే ముందు ఎలిమెంటును అనుమానించాలి. గీజరు వాడడం ఆపి, ఎలక్ట్రీషియన్‌తో వైర్లు విప్పించి, 500 వోల్టుల మెగ్గరుతో (కరెంటు లీకును పట్టే మీటరుతో) ఎలిమెంటుకూ ఎర్తుకూ మధ్య చూపించండి. 1 మెగాఓమ్ కన్నా తక్కువుంటే ఎలిమెంటు మార్చాలి. అది తేలేదాకా ఆ కుళాయి కింద ఎవరినీ స్నానం చేయనివ్వకండి. స్విచ్చు ఆపాం కదా అని కూడా ధీమా పడొద్దు. వైరింగులో ఫేజూ న్యూట్రలూ తారుమారైతే ఒంటి పోలు స్విచ్చు తీసినా ఎలిమెంటులో కరెంటు అలాగే ఉంటుంది. గీజరుకు రెండు వైర్లనూ ఒకేసారి తెంచే డబుల్ పోల్ స్విచ్చు పెట్టించండి.